మంగళం మరిచిన మేళం

పాట తప్పు పాడితే జనం నవ్వుతారు. తాళం తప్పితే పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడుస్తారు. పాడకుండా వదిలేసిన పాటకు మాత్రం హాలు హాలంతా భయపడుతుందని కోరుట్ల లీల యాభై దాటాక గానీ తెలుసుకోలేదు.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం సాయంత్రం. జగిత్యాలలో కళా సమితి వాళ్ళు కట్టుకున్న కొత్త హాలులో అదే మొదటి కచేరి. ప్రారంభానికి లీల నడిపే మహిళా భజన మండలిని పిలిచారు. పదకొండు మంది ఆడవాళ్ళు కోరుట్ల నుంచి బస్సులో వచ్చారు. అందరూ సిరిసిల్లలో కొన్న ఆకుపచ్చ చీరలే కట్టుకున్నారు. ఆ చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేసింది కూడా లీలే. బస్టాండు వెనక సందులో ఆమెకు చిన్న కుట్టు దుకాణం ఉంది. మిషన్ తొక్కుతూనే కొత్త పాటలకు వరస కడుతుంది. వరస కుదరకపోతే అవతల ఎవరి జాకెట్టో చంక దగ్గర బిగుసుకుంటుంది.

ఆ సాయంత్రం బాగా పాడారు. లీల చరణం ఎత్తుకుంటుంది. మిగతావాళ్ళు దాన్నే తిరిగి వంతగా అందుకుంటారు. వంతకు ముందుండేది బాలలక్ష్మి, లీల భర్తకు అక్క. బాలలక్ష్మిది బొంగురు గొంతే, కానీ రాతిగోడ లాంటిది. దాని మీద ఎంత బరువైనా మోపవచ్చు. అంగన్‌వాడీ టీచరు కల్పన హార్మోనియం వాయిస్తుంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు కూడా తొడల మీద తాళం వేశారు.

చివరి పాట ముగిసింది. లీల చేతి తాళాలు ఒకదాని మీద ఒకటి బోర్లించింది. కల్పన హార్మోనియం తిత్తి మూసి గొళ్ళెం పెట్టింది. అందరూ ఒక్కసారే లేచారు. ఎవరికీ దండం పెట్టలేదు. ఒక్క మాటా మాట్లాడలేదు. తలలు వంచుకుని, వెనక్కి చూడకుండా, వరుసగా వేదిక దిగిపోయారు.

చప్పట్లు రాలేదు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరికీ అర్థమవుతూ వచ్చింది. మూడో వరుసలో ఒకామె మెడలోని పుస్తెను పట్టుకుంది.

ఏ భజనైనా, ఏ కచేరి అయినా మంగళహారతితోనే ముగుస్తుంది. మంగళం పాడకుండా లేచేది ఒక్క చావింట్లోనే. అక్కడ చివరి తత్వం అయ్యాక తాళాలు బోర్లించాలి. మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు, పోయొస్తామని చెప్పకూడదు. లీల బృందం సరిగ్గా అట్లాగే దిగింది. జనం నిండిన కొత్త హాలులో, పూల దండల మధ్య, శవం ఒక్కటే తక్కువ అన్నట్టు.

పక్క గదిలో ఉప్మా ప్లేట్లు చేతికి అందాక గానీ వాళ్ళకు స్పృహ రాలేదు. కల్పన చెంచా నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది.

“అక్కా, మంగళం పాడలే మనం.”

అదే సమయానికి హాలులోంచి మైకు గొంతు వినిపించింది. కళా సమితి అధ్యక్షుడు హనుమంత రావు మాట్లాడుతున్నాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఏలిన దొరల కుటుంబం ఆయనది. ఇప్పుడు రెండు రైస్ మిల్లులు, ఒక ఫంక్షన్ హాలు. నవ్వుతూనే అన్నాడు.

“తప్పు మాదే. పీనుగుల కాడ పాడెటోళ్లను తెచ్చి స్టేజి మీద కూసుండవెడితె గిట్లనే ఉంటది.”

జనం నవ్వారు. వాళ్ళ భయం పోవడానికి ఆ నవ్వు పనికొచ్చింది. వెంటనే ఎవరో సంగీతం టీచరును పిలిచి మంగళం పాడించారు. పక్క గదిలో పదకొండు మంది ఆడవాళ్ళు ప్లేట్లు పట్టుకుని నిలబడి, తమది కాని మంగళాన్ని చివరి దాకా విన్నారు. ఉప్మా వడ్డిస్తున్న ముసలాయన వాళ్ళ ముఖాలు చూశాడు. గరిటె పక్కన పెట్టి, వెళ్ళి హాలు వైపు తలుపు దగ్గరికి వేశాడు. ఆ పూట వాళ్ళకు దక్కిన మర్యాద అదొక్కటే.

లీలను పీనుగుల మాట బాధించలేదు. అది నిజమే. కరోనా రోజుల్లో మగవాళ్ళ భజన మండళ్ళు చావిళ్ళ గడప తొక్కడం మానేశాయి. శవాన్ని చూడటానికి అన్నదమ్ములే రాని రోజులవి. అప్పుడు లీల, బాలలక్ష్మి, కల్పన ముక్కులకు కొంగులు చుట్టుకుని వీధి అవతల నిలబడి తత్వాలు పాడారు. ఆ తర్వాత పిలుపులు ఆగలేదు. కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్ల నేతగాళ్ళ వాడల్లో, వీర్నపల్లి దాకా ఎక్కడ పోయినా జనం వాళ్ళనే పిలిచేవారు. పెళ్ళికీ పండుగకూ డీజే వచ్చింది. మనిషి పోయినప్పుడు మాత్రం మనిషి గొంతే కావాలన్నారు. ఏళ్ళ తరబడి అట్లాంటి ఇళ్ళలో పాడీ పాడీ వాళ్ళ నోళ్ళు మంగళాన్ని మరిచిపోయాయి. చేతులు వాటంతటవే తాళాలు బోర్లించడం నేర్చుకున్నాయి.

లీలకు మండింది వేరే చోట. ఆ ఇళ్ళలో హనుమంత రావు ఇల్లు కూడా ఒకటి.

ఆయన తల్లి పోయినప్పుడు కోరుట్లకు కారు పంపించాడు. ముసలామెకు వీళ్ళ పాట ఇష్టమట. తన దగ్గర పాడాలని ముందే చెప్పి పెట్టిందట. తెల్లారి నుంచి పాడె కదిలేదాకా పాడారు. చావింటి తత్వానికి వంత ఇంటివాళ్ళు అందుకోవాలి, ముందు పెద్దకొడుకు ఎత్తుకోవాలి. హనుమంత రావు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, వణికే గొంతుతో ప్రతి వంతా ఎత్తుకున్నాడు. ఆ గొంతు కింద పడిపోకుండా బాలలక్ష్మి తన గొంతు ఆనించి పట్టుకుంది. ఆ తల్లి పేరు మీద కట్టిందే ఈ హాలు. వేదిక పక్కన గోడ మీద దండ వేసిన పెద్ద ఫోటో కూడా ఆమెదే.

ఆ ఫోటో కింద నిలబడి అన్నాడు ఆ మాట.

మరునాటికల్లా ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. వీళ్ళు తలలు వంచుకుని దిగిపోయేది, ఆయన మాట, జనం నవ్వు, అన్నీ ఉన్నాయి. ధర్మపురిలో గోదావరి ఒడ్డున భజనకు పిలిచిన ఒక సత్రం వాళ్ళు ఈసారికి వద్దన్నారు. సిరిసిల్లలో బతుకమ్మ పాటలకు ఒప్పుకున్న కాలనీ వాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు. చావిళ్ళ నుంచి మాత్రం పిలుపులు ఎప్పటిలాగే వచ్చాయి. లీల పోయింది, పాడింది. పాడిన ప్రతిసారీ గొంతులో ఆ నవ్వు అడ్డం పడేది.

దుకాణంలో మిషన్ తొక్కుతుంటే కోపం కాళ్ళలోకి దిగేది. సూదులు విరిగేవి. భర్త పరశురాములు ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు. ఏమైందని అడగలేదు. సాయంత్రం ఇంటికి వస్తూ ఒక సూదుల ప్యాకెట్టు కొనుక్కొచ్చి మిషన్ మీద పెట్టి పోయాడు. లీల దాన్ని చూసి మొదట నవ్వింది. తర్వాత ఆ నవ్వొచ్చినందుకు కూడా కోపం తెచ్చుకుంది. ఆమెకు కావలసింది ఒకటే. ఏ మైకులో ఆ మాట అన్నాడో ఆ మైకులోనే, మా ఇంట్లో కూడా వీళ్ళు పాడారని ఆయన చెప్పాలి.

కార్తీకం మొదట్లో కళా సమితి నుంచి ఫోను వచ్చింది. అధ్యక్షుడు గారు మాట్లాడతారట, ఇంటికి రమ్మన్నారట. బాలలక్ష్మి ముఖం వెలిగిపోయింది. పోయి ఒక దండం పెడితే అన్నీ సర్దుకుంటాయంది. లీల దండం సంగతి వదిలేసి పోదాం పదమంది.

జగిత్యాలలో ఖిల్లా వైపు పోయే దారిలో హనుమంత రావు ఇల్లు. లీల, బాలలక్ష్మి, కల్పన సోఫాలో అంచు మీద కూర్చున్నారు. ఆయన భార్య శోభారాణి పనిమనిషిని పిలవకుండా తానే టీ తెచ్చింది. భర్తకు ఇచ్చిన లాంటి కప్పులే వీళ్ళకూ ఇచ్చింది. లీల అది గమనించింది. గమనించకుండా ఉంటే బాగుండేదనుకుంది, ఎందుకంటే కోపం కొంచెం మెత్తబడింది.

హనుమంత రావు మర్యాదగానే మాట్లాడాడు. ఆ రోజు ఏదో నోరు జారిందన్నాడు. హాలు తల్లి పేరు మీద కట్టింది, మొదటి రోజే అట్లా జరిగేసరికి తనకు నిద్ర పట్టలేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళ కింద నలుపు చూస్తే అబద్ధం అనిపించలేదు. తర్వాత అసలు విషయం చెప్పాడు.

“కార్తీక పున్నానికి ప్రోగ్రామున్నది లీలమ్మా. మీరు వచ్చి ఆఖరికి మంగళం పాడుండ్రి. పోయినసారి టైం లేకుండె, అందుకే పాడలేదని నేనే మైకుల చెప్త. కత ఒడుస్తది.”

“టైం ఉండె గద సారు.”

“ఉండె. జనానికి ఏదో ఒకటి చెప్పాలె గద.”

“అయితె ఉన్నది చెప్పుండ్రి. మీ అమ్మ పోయిన్నాడు మేమచ్చి పాడినమని చెప్పుండ్రి. గా మైకులనే.”

ఆయన కప్పు కింద పెట్టాడు.

“ఇంటి ముచ్చట మైకుల చెప్తరా?”

“మా ముచ్చట మీరు మైకులనే చెప్పిండ్రు గద.”

 తలుపు దగ్గర నిలబడ్డ శోభారాణి ఎవరినీ చూడకుండా మెల్లగా అంది. అత్తమ్మ పోయిన రాత్రి తనకు తెల్లారేదాకా ఏడుపే రాలేదట, గుండెలో రాయి పెట్టినట్టు ఉందట. వీళ్ళు పాడాకే వచ్చిందట. హనుమంత రావు భార్య వైపు తిరిగి, లోపల కుక్కర్ చూడమన్నాడు. కుక్కర్ ఏదీ కూత పెట్టలేదు. ఆమె లోపలికి పోయింది.

“చెప్పలేను లీలమ్మా,” అన్నాడు. “నలుగురిల మాకొక ఇజ్జత్ ఉన్నది.”

లీల లేచింది. ఆమె నోరు తెరిచేలోగా బాలలక్ష్మి చేతులు జోడించింది.

“పాడుతం దొరా. పున్నానికి అస్తం.”

బయటికి వచ్చి రోడ్డు మీద నాలుగడుగులు వేశారో లేదో లీల వదిన మీద విరుచుకుపడింది.

“దొర ఏంది వదినా, దొర? రైస్ మిల్లాయన.”

“నోటికచ్చింది.”

“మన నోటికి అన్నీ గట్లనే అస్తయి. రావాల్సిందే రాదు.”

కల్పనకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి బాలలక్ష్మికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆమె మామూలుగా ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఎండలో, మందుల దుకాణం ముందు, అందరూ చూస్తుండగా నిలబడి మాట్లాడింది.

“నీకేంది పిల్లా, నువ్వు ముందు పాడెదానివి. ఏడ కూసున్న నీ గొంతు నీదే. నేను వంతదాన్ని. పక్కన పది మంది ఉంటెనే నాకు పాట. సిన్నప్పటి సంది బీడీలు చేసి చేసి వంగిన నడుము ఇది. గా స్టేజి మీద కూసుంటె సక్కగైతది. గదొక్కటి తియ్యకు నాకు.”

 లీల కోపం పోలేదు, కానీ దాని ముఖం ఎటు తిప్పాలో తెలియలేదు. ముగ్గురూ బస్టాండు దాకా నడిచారు. టీ బండి దగ్గర కల్పన మూడు టీలు చెప్పింది. బాలలక్ష్మి తన టీ సగం లీల గ్లాసులో వంపింది. అలవాటు కొద్దీ వంపిందో రాజీకి వంపిందో చెప్పడం కష్టం. లీల తాగింది.

పున్నమి రోజు హాలు కిటకిటలాడింది. వీడియో చూసినవాళ్ళంతా వచ్చారు. మంగళం మరిచినవాళ్ళు మంగళం పాడటం చూడాలని ఉబలాటం. ముందు వరుసలో హనుమంత రావు, పక్కన శోభారాణి. సౌండు పెట్టెల దగ్గర సాగర్ ఉన్నాడు. జగిత్యాలలో ఎవరి ప్రోగ్రామైనా మైకు అతనిదే.

రెండు నాట్యాలు, ఒక వేణువు కచేరి అయ్యాయి. అప్పుడు హనుమంత రావు మైకు తీసుకుని, పోయినసారి సమయాభావం వల్ల కోరుట్ల సోదరీమణులు మంగళం పాడలేకపోయారని, ఈ రోజు ఆ లోటు తీరుస్తారని చెప్పాడు. చక్కటి తెలుగులో, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. లీల వింటూ నిలబడింది. రాకముందు ఆమె అనుకున్నది ఒకటే: వదిన కోసం పాడాలి, దిగాలి, అంతే. దారి పొడుగునా తనకు తాను అదే చెప్పుకుంది. కానీ సమయాభావం అన్న మాట చెవిన పడేసరికి ఒళ్ళు భగ్గుమంది. ఒక అబద్ధాన్ని అంత ముద్దుగా, ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు.

వేదికెక్కి కూర్చున్నారు. కల్పన శ్రుతి పెట్టింది. లీల మైకును తన వైపు లాక్కుంది.

“సారు టైం లేకుండెనన్నడు. టైం ఉండె. మేమే మరిచినం.”

హనుమంత రావు కుర్చీలో ముందుకు జరిగాడు. లీల ఆగలేదు.

“సావింట్ల మంగళం పాడరు, మీ అందరికి ఎరుకే. కరోన సంది మేము ఎక్కువ పాడింది గసొంటి ఇండ్లల్లనే. నోటికి గదే అలవాటయింది. తప్పు మాదే. కని మాకా అలవాటు చేసిన ఇండ్లు మీయే. గీ ఫోటోల ఉన్నమ్మ పోయిన్నాడు గూడ మేమే పాడినం. సారు పక్కన కూసోని వంత ఎత్తుకున్నడు. గా ఇంట్ల గూడ మంగళం పాడలే.”

హనుమంత రావు తల తిప్పి సాగర్‌కు చెయ్యి ఊపాడు. మైకు ఆపమని. సాగర్ ఆ చెయ్యి చూశాడు. చూసి, ఏదో వైరు ఊడినట్టు బల్ల కిందికి వంగాడు. వంగినవాడు ఎంతకూ లేవలేదు. అతని నాన్నకు పాడింది కూడా వీళ్ళే.

“మంగళం పాడుమన్నరు, పాడుతం,” అంది లీల. “ముందుగాల గా ఇండ్లల్ల పాడింది పాడుతం. దాని ఎనుక మంగళం.”

బాలలక్ష్మి ఆమె మోచెయ్యి పట్టుకుంది. చావు పాటనూ మంగళాన్నీ ఒక్క కచేరిలో కలపడం ఎవరూ ఎప్పుడూ చేయలేదు. వద్దు పిల్లా, రెండు కలపొద్దు అని చెవిలో గొణిగింది. లీల అప్పటికే ఎత్తుకుంది.

“సద్ది గట్టకముందె సాగిపోతివి,
తొవ్వల ఆకలైతె ఎవరు వెడ్తరు...”

ఎప్పుడూ మెల్లగా, బుజ్జగించినట్టు పాడే తత్వం అది. ఆ రోజు లీల దాన్ని పళ్ళ మధ్య నుంచి పాడింది. ఒక్కో మాటనూ బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. చరణం అయింది. వంత ఎత్తుకోవాలి. ఒక్క క్షణం ఎవరి గొంతూ లేవలేదు.  అప్పుడు బాలలక్ష్మి గొంతు వచ్చింది. వద్దంటూనే వచ్చింది. వంత అందుకునే అలవాటు ఆమెకు భయం కంటే పాతది. దాని వెనక తొమ్మిది గొంతులూ వచ్చాయి.

రెండో చరణానికి హాలులోంచి కూడా వంత వినిపించింది. ఎక్కడో వెనక వరుసలో ఒక ముసలి గొంతు. మరో మూల ఒక ఆడమనిషి. తర్వాత ఇంకెవరో. ఎక్కువ మంది కాదు. ఒకరినొకరు చూసుకోకుండా, తల దించుకుని, తమలో తాము పాడుకున్నట్టు పాడారు. ముందు వరుసలో శోభారాణి పెదవులు కదిలాయి. హనుమంత రావు పెదవులు కదలలేదు. ప్రతి పదం ఆయనకు వచ్చు. లీల ఆయన ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. ఎత్తుకో, ఎత్తుకో అని లోపల అరుస్తూనే పాడింది. ఆయన ఎత్తుకోలేదు.

తత్వం అయిపోయింది. చేతులు అలవాటుగా తాళాలు బోర్లించబోయాయి. లీల వాటిని ఆపింది. ఊపిరి తీసుకుని, అదే శ్రుతిలో, మధ్యలో ఖాళీ లేకుండా మంగళం అందుకుంది.

ఆ క్షణంలో ఆమెకు ఎన్నో గడపలు కళ్ళ ముందు తిరిగాయి. సిరిసిల్లలో మగ్గం ఆపి పడుకోబెట్టిన మనిషి, వీర్నపల్లిలో తడి చీరతోనే కూర్చున్న తల్లి, కరోనాలో పేరు కూడా అడగకుండా వీధి అవతల నుంచి పాడిన ఇళ్ళు. అన్నింటినీ మధ్యలోనే వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది తను. ఇప్పుడు చూసింది. అన్నిటికీ కలిపి ఒక్క మంగళం పాడింది. కోపం తగ్గలేదు. అదే కోపంతో పాడింది. మంగళాన్ని అంత కోపంగా పాడవచ్చని ఆమెకూ అప్పటిదాకా తెలియదు.

మంగళానికి అందరూ లేచి నిలబడాలి. హాలంతా లేచింది. హనుమంత రావు కాసేపు కూర్చునే ఉన్నాడు. చుట్టూ అందరూ నిలబడ్డాక, ఇక తప్పదని లేచాడు. చేతులు జోడించి, తల్లి ఫోటో వైపు చూస్తూ నిలబడ్డాడు. వేదిక వైపు చూడలేదు.

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. కొందరు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఇంటికి పోయి తల మీద నీళ్ళు పోసుకోవాలని పైకే అనుకుంటూ పోయారు. ఈసారి ఉప్మా లేదు. బస్టాండు దాకా నడిచారు.

కోరుట్ల బస్సు కదలబోతోంది. కండక్టరు ఆకుపచ్చ చీరల గుంపును చూసి ఆపించాడు. పది మంది ఎక్కారు. బాలలక్ష్మి నీళ్ళ సీసా మరిచానని హాలుకు వెనక్కి పోయింది, ఇంకా రాలేదు. డ్రైవరు విసుక్కున్నాడు. కండక్టరు తీరిగ్గా ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు ఒక్కొక్కటే కొడుతూ, ఆమె వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.

బాలలక్ష్మి ఎక్కింది. చేతిలో సీసా ఉంది. పక్క సీటు ఖాళీగా ఉన్నా లీల దగ్గర కూర్చోలేదు. ముందుకు పోయి కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. లీల ఆ వీపును చూస్తూ ఉండిపోయింది. వంగిన వీపు. దానికి ఉన్న ఒక్క వేదికనూ తనే ఊడగొట్టింది. తప్పు చేశానా అని తనను తానే అడిగింది. లేదనే జవాబు వచ్చింది. ఆ జవాబు వల్ల మనసేమీ తేలికపడలేదు. ఆయన లేచి నిలబడ్డాడు నిజమే. నిలబడింది మంగళానికి. చెప్పవలసిన మాట ఆయన నోట రానే లేదు, తనే చెప్పుకోవలసి వచ్చింది.

మేడిపల్లి దాటాక బాలలక్ష్మి లేచింది. సీట్ల కమ్మీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చి లీల పక్కన కూలబడింది.

“ఇగ ఆ హాలుకు మనల పిలువరు.”

“పిలువరు.”

“ధర్మపురోళ్లు గూడ పిలువరు.”

“పిలువరు వదినా. తిట్టేదుంటె తిట్టు.”

బాలలక్ష్మి తిట్టలేదు. సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టింది.

“నీ కోపం తీరిందా?”

“తీరలే.”

“నేను సీసకని మల్ల పోయిన గద. స్టేజి మీద మనం కూసున్న కాడ సారు మైలకని పసుపు నీళ్లు సల్లిపిస్తున్నడు. దగ్గరుండి సల్లిపిస్తున్నడు. నన్ను సూసిండు. సూసి, ఆ మూలకు గూడ సల్లుమన్నడు. మంగళం పాడినంక గూడ, లీలా. వాళ్ల అమ్మకు పాడినంక గూడ.”

ఆమె గొంతు బొంగురుగా, నిబ్బరంగానే ఉంది.  లీల ఆమె చేతుల మీద చెయ్యి వేసింది.

“నీకు తీరలే అంటున్నవు,” అంది బాలలక్ష్మి. “నాకు గిప్పుడే షురువైంది.”